రెండు రేవులు – రెండు గడియారాలు

సూర్యుడు నడినెత్తికి వచ్చిన వేళ ఆ ఊరికి మధ్యాహ్నం. గడియారాలు ఇంటింటికీ రాకముందు కాలాన్ని లెక్కించే పద్ధతి ఇదే. భూమి పడమటి నుండి తూర్పునకు తిరుగుతున్నది కనుక తూర్పుననున్న ఊరికి మధ్యాహ్నం ముందుగా, పడమటనున్న ఊరికి ఆలస్యంగా వస్తుంది. ఒక్కొక్క రేఖాంశానికి నాలుగు నిమిషాల తేడా. పదిహేను రేఖాంశాలకు ఒక గంట. కాలినడకన, ఎడ్లబండ్ల మీద ప్రయాణాలు సాగినంత కాలం ఈ తేడా ఎవరినీ బాధించలేదు. రైలు వచ్చిన తరువాతనే చిక్కు మొదలైనది. ఊరికొక కాలం ఉంటే రైలు ఏ ఊరి కాలం ప్రకారం కదలాలి?

ఈ చిక్కును విడదీయడానికి 1884లో వాషింగ్టన్ నగరంలో దేశాల ప్రతినిధులు సమావేశమై, ఇంగ్లండులోని గ్రీనిచ్ మీదుగా పోయే రేఖాంశాన్ని సున్నాగా అంగీకరించారు. ఆ తరువాత చాలా దేశాలు గ్రీనిచ్ కాలానికి ఇన్ని గంటలు ముందు, ఇన్ని గంటలు వెనుక అని పూర్తి గంటల లెక్కలో తమ కాలాన్ని నిర్ణయించుకున్నాయి. కొన్ని ప్రాంతాలు మాత్రం పూర్తి గంటకు ఒప్పుకోక అరగంట దగ్గర నిలిచాయి. వాటిలో భారతదేశం ఒకటి. భూగోళానికి ఆవలి వైపున, కెనడా తూర్పు కొసన అట్లాంటిక్ మహాసముద్రంలో ఉన్న న్యూఫౌండ్‌లాండ్ ద్వీపం మరొకటి. మన తీరంలోని కాకినాడ, ఆ ద్వీపంలోని సెయింట్ జాన్స్ రెండూ రేవు పట్టణాలే. రెండింటిలోనూ తరతరాలుగా చేపల వేట మీద బ్రతికిన జనం ఉన్నారు. ఆ రెండు ఊళ్ళ గడియారాలను, బ్రతుకులను పక్కపక్కన పెట్టి చూడడం ఈ పాఠం ఉద్దేశం.

భారతదేశంలో ఒకే కాలం ఏర్పడడం అంత సులభంగా జరగలేదు. ఈస్టిండియా కంపెనీ 1792లో మద్రాసులో ఖగోళ పరిశోధనశాలను నిర్మించినది. అక్కడ లెక్కగట్టిన మద్రాసు కాలం గ్రీనిచ్ కంటె 5 గంటల 21 నిమిషాల 14 సెకండ్లు ముందుండేది. రైళ్ళు చాలాకాలం ఈ మద్రాసు కాలాన్నే పాటించాయి. బొంబాయి కాలం వేరు, కలకత్తా కాలం వేరు. 1906 జనవరి 1 నుండి గ్రీనిచ్ కంటె ఐదున్నర గంటలు ముందుండే కాలాన్ని దేశమంతటికీ ప్రమాణంగా ప్రకటించినా, కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు తమ కాలాలను పూర్తిగా వదులుకోలేదు. అస్సాం తేయాకు తోటలలో గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుకొని, దానిని ‘చాయ్‌బగాన్ కాలం’ అని పిలుచుకునే వాడుక కూడా ఉన్నది. తెల్లవారుజామున నాలుగున్నరకే వెలుతురు వచ్చే చోట అది తప్పు పట్టదగినది కాదు.

ఐదున్నర గంటలకు సరిపోయే రేఖాంశం 82 డిగ్రీల 30 నిమిషాలు. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ దగ్గరగా దిగివచ్చే ఈ రేఖ మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల మీదుగా ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశించి, కాకినాడకు సమీపంలో తీరాన్ని దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. కాకినాడ రేఖాంశం సుమారు 82 డిగ్రీల 15 నిమిషాలు. అనగా అక్కడి గడియారానికి, సూర్యునికి మధ్య సగటున ఒక్క నిమిషం మాత్రమే తేడా. పడమటి కొసన ఉన్న ద్వారకలో ఈ తేడా ముప్పావు గంటకు మించుతుంది. దేశమంతా చేతికి కట్టుకొని తిరుగుతున్న గడియారం, ఒక విధంగా చూస్తే, కాకినాడ గడియారమే. ఈ సంగతి ఆ ఊరిలోనే చాలామందికి తెలియదు.

న్యూఫౌండ్‌లాండ్ కథ కూడా ఇటువంటిదే. సెయింట్ జాన్స్ 52 డిగ్రీల 43 నిమిషాల పశ్చిమ రేఖాంశం మీద ఉన్నది. లెక్క ప్రకారం గ్రీనిచ్ కంటె 3 గంటల 30 నిమిషాల 52 సెకండ్లు వెనుక. ఆశ్చర్యమేమంటే ఆ 52 సెకండ్లను కూడా వదలకుండా ఆ ద్వీపం చాలాకాలం పాటించినది. 1935లో మాత్రమే వాటిని విడిచి మూడున్నర గంటలుగా సవరించుకున్నది. అప్పటికి న్యూఫౌండ్‌లాండ్ కెనడాలో భాగం కాదు. 1949 మార్చి 31న అది కెనడాలో చేరినది. దాని పొరుగు రాష్ట్రాలు చాలావరకు గ్రీనిచ్ కంటె నాలుగు గంటలు వెనుక ఉన్నందున, 1963లో అక్కడి ప్రభుత్వం ఆ అరగంటను కూడా తొలగించి పొరుగువారితో కలుపుదామని ప్రయత్నించినది. ప్రజలు గట్టిగా ఎదురు తిరగడంతో ఆ ఆలోచన మానుకోవలసి వచ్చినది. దేశాన్ని వదులుకొని మరొక దేశంలో చేరినవారు అరగంటను మాత్రం వదులుకోలేదు. కెనడా రేడియోలో, టెలివిజన్‌లో కార్యక్రమాల వేళలు చెప్పేటప్పుడు చివరను ‘న్యూఫౌండ్‌లాండ్‌లో అరగంట తరువాత’ అని చేర్చడం ఆ దేశమంతటా పరిహాసంగా చెప్పుకునే మాటగా మారినది. ఆ ద్వీపవాసులకు అందులో పరిహాసంతో పాటు కొంత గర్వం కూడా ఉన్నది.

ఇంకొక విచిత్రం. న్యూఫౌండ్‌లాండ్ దక్షిణ తీరానికి ఎదురుగా, పడవలో వెళ్ళగల దూరంలో సెయింట్ పియర్, మికెలాన్ అనే చిన్న దీవులున్నాయి. అవి ఇప్పటికీ ఫ్రాన్సు దేశానివి. అక్కడి గడియారం న్యూఫౌండ్‌లాండ్ కంటె అరగంట ముందు. కంటికి ఆనే దూరంలో దేశం, భాష, నాణెం, కాలం అన్నీ మారిపోతాయి.

ఇప్పుడు కాకినాడకు, సెయింట్ జాన్స్‌కు గల తేడాను లెక్కించవచ్చు. ఒకటి ఐదున్నర ముందు, మరొకటి మూడున్నర వెనుక. రెండు అరగంటలు కలిసి ఒక గంట కాగా మొత్తం తొమ్మిది గంటలు. రేఖాంశాల ద్వారా లెక్కించినా ఇదే వస్తుంది. 82 డిగ్రీల 15 నిమిషాలకు 52 డిగ్రీల 43 నిమిషాలు కలిపితే రమారమి 135 డిగ్రీలు. దానిని పదిహేనుతో భాగిస్తే తొమ్మిది. వంకర గడియారాలని ఇతరులు నవ్వుకునే ఈ రెండు గడియారాలు సూర్యుడు చెప్పే తేడానే ఇంచుమించు సెకండ్లతో సహా చెబుతున్నాయి. మన పూర్వుల లెక్కలో గడియ అంటే ఇరవైనాలుగు నిమిషాలు. రోజుకు అరవై గడియలు. ఆ ప్రకారం ఈ రెండు ఊళ్ళ మధ్య దూరం ఇరవై రెండున్నర గడియలు.

అయితే ఈ లెక్క ఏడాది పొడవునా నిలవదు. మార్చి రెండవ ఆదివారం నుండి నవంబరు మొదటి ఆదివారం వరకు సెయింట్ జాన్స్‌లో గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు. వేసవి వెలుతురును వృథా చేయకుండా వాడుకోవాలన్నది ఉద్దేశం. న్యూఫౌండ్‌లాండ్ 1917లోనే దీనికి చట్టం చేసినది. 1988లో ఒక్క ఏడాది ఏకంగా రెండు గంటలు జరిపి చూచి, మరుసటి సంవత్సరం మానుకున్నది. కాబట్టి ఆ నెలలలో తేడా ఎనిమిది గంటలే. మనదేశం కూడా రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942 నుండి 1945 వరకు, గడియారాన్ని ఒక గంట ముందు నడిపినది. యుద్ధం ముగియగానే ఆ పద్ధతి పోయినది. దానిని ఇక్కడ కొనసాగించవలసిన అవసరం కూడా లేదు. కాకినాడలో మిక్కిలి పొడుగైన పగలు పదమూడు గంటలకు కొంచెం ఎక్కువ. మిక్కిలి పొట్టిది పదకొండు గంటలకు కొంచెం ఎక్కువ. సెయింట్ జాన్స్‌లో జూన్ నెలలో పగలు పదహారు గంటలకు చేరువవుతుంది. రాత్రి తొమ్మిది గంటలకు గాని సూర్యుడు అస్తమించడు. డిసెంబరులో ఎనిమిదిన్నర గంటలకు తగ్గి, సాయంత్రం నాలుగుంబావుకే చీకటి మొదలవుతుంది. అక్షాంశాన్ని బట్టి చూస్తే ఆ ఊరు ప్యారిస్ కంటె దక్షిణాన ఉన్నా, ఉత్తరం నుండి వచ్చే లాబ్రడార్ చల్లని ప్రవాహం దానిని గడ్డకట్టిస్తుంది. మే, జూన్ నెలలలో ఇంటి కిటికీలో నుండి చూస్తే కొండంత మంచుగడ్డలు తేలిపోతూ కనిపిస్తాయి. దక్షిణం నుండి వచ్చే వెచ్చని గల్ఫ్ ప్రవాహం ఈ చల్లని ప్రవాహాన్ని కలిసే చోట దట్టమైన పొగమంచు పుడుతుంది. చేపలకు కూడా ఆ చోటే నెలవు.

సముద్రం మీద బ్రతికేవారికి గోడ గడియారంతో పని తక్కువ. కాకినాడ తీరంలోని మత్స్యకారుడు వేగుచుక్క పొడిచే వేళకు బయలుదేరుతాడు. పోటు ఎప్పుడు వస్తుందో, పాటు ఎప్పుడు తీస్తుందో తిథిని బట్టి చెప్పగలడు. అమావాస్యకు, పున్నమికి పోటు బలంగా ఉంటుంది. సప్తమి, అష్టముల నాటికి మందగిస్తుంది. పోటు వచ్చే వేళ రోజుకు సుమారు యాభై నిమిషాల చొప్పున వెనుకకు జరుగుతూ పోతుంది. గడియారం దీనిని పట్టుకోలేదు, చంద్రుడు పట్టుకోగలడు. పడవలు రేవుకు చేరగానే వేలం పాట మొదలవుతుంది. వంజరం, చందువ, కానాగంత, కవళ్ళు, రొయ్య, పీత వేరువేరు రాశులుగా పోస్తారు. వేట మగవారిది, అమ్మకం చాలావరకు ఆడవారిది. పాట పాడి కొన్న చేపను తట్టకెత్తుకొని వీధులకు వెళ్ళేది వారే. మిగిలిన దానిని ఉప్పు పట్టించి ఇసుక మీద ఎండబెట్టేదీ వారే. గోదావరి తెచ్చి పోసిన ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్ కాకినాడ రేవుకు అడ్డుగోడవలె నిలిచి అలల తాకిడిని ఆపుతున్నది. దాని దక్షిణాన కోరంగి మడ అడవులు చేప పిల్లలకు, రొయ్య పిల్లలకు పురిటిల్లు.

సెయింట్ జాన్స్ రేవు కూడా ప్రకృతి కట్టిన కోటవంటిదే. రెండు కొండల మధ్య ఇరుకైన ద్వారం దాటితే లోపల నిశ్చలమైన నీరు. ఆ కొండలలో ఒకటైన సిగ్నల్ హిల్ మీద 1901 డిసెంబరు 12న మార్కోని అట్లాంటిక్ ఆవలి తీరం నుండి వచ్చిన మొదటి తీగలేని సంకేతాన్ని అందుకున్నాడు. అదే కొండ మీద మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఫిరంగి పేల్చి ఊరికి వేళ తెలిపే ఆచారం ఉన్నది. నిటారు వీధులలో ఎరుపు, పసుపు, నీలం రంగుల కొయ్య ఇండ్లు వరుసగా నిలిచి ఉంటాయి. ఇక ఆ ద్వీపంలో ‘చేప’ అంటే కాడ్ చేప ఒక్కటే. తక్కిన వాటిని వాటి పేర్లతో పిలుస్తారు గాని చేప అనరు. 1497లో జాన్ కాబట్ ఆ నీళ్ళకు వచ్చిన నాటి నుండి యూరోపు పడవలు కాడ్ కోసమే అట్లాంటిక్ దాటాయి. చిన్న చిన్న పల్లెలలో మగవారు గాలం తాడుతో చేపను పట్టి తేగా, ఆడవారు, పిల్లలు దానిని చీల్చి, ఉప్పు వేసి, కొయ్య మంచెల మీద పరచి ఎండబెట్టేవారు. వాన చినుకు పడితే పరుగున పోయి కప్పాలి. ఎండ కాస్తే మళ్ళీ తీయాలి. ఉప్పాడ ఇసుకలో ఎండు చేపకు కాపలా కూర్చున్న స్త్రీకి ఈ పనిని వేరుగా వివరించనక్కరలేదు.

అప్పు విషయంలోనూ రెండు తీరాలకు పోలిక ఉన్నది. న్యూఫౌండ్‌లాండ్ పల్లెలలో వసంతకాలంలో వ్యాపారి వల, ఉప్పు, పిండి అరువిచ్చేవాడు. శరదృతువులో ఎండు చేపను తానే ధర కట్టి తీసుకొని లెక్క చెల్లు వేసుకొనేవాడు. కుటుంబాలు ఏళ్ళ తరబడి నగదు కంటితో చూడకుండానే బ్రతికేవి. మన తీరంలో వ్యాపారి దగ్గర పెట్టుబడి తీసుకున్న మత్స్యకారుడు పట్టిన చేపను ఆ వ్యాపారికే, అతడు చెప్పిన ధరకే అమ్మవలసి రావడం ఎరిగిన విషయమే.

ఇరువురినీ ఎక్కువగా శాసించిన కాలం వేరొకటి ఉన్నది. అది వేట నిలిపివేసే కాలం.

1950ల నుండి ఇతర దేశాల పెద్ద ఓడలు న్యూఫౌండ్‌లాండ్ సమీపానికి వచ్చి సముద్రపు అడుగును ఊడ్చే వలలతో కాడ్‌ను పట్టసాగాయి. పట్టిన చేపను ఓడలోనే శుభ్రం చేసి గడ్డకట్టించే కర్మాగారాలు వాటిలో ఉండేవి. 1968 నాటికి ఉత్తర కాడ్ వేట ఏడాదికి ఎనిమిది లక్షల టన్నులకు చేరినది. 1977లో కెనడా తన తీరం నుండి 200 నాటికల్ మైళ్ళ వరకు హక్కు ప్రకటించి పరాయి ఓడలను పంపివేసినది గాని, వాటి స్థానంలో తన ఓడలనే దింపినది. 1980లలో తీరం దగ్గర చిన్న పడవలలో వేటాడేవారు చేప పరిమాణం తగ్గుతున్నదని, వలలు ఖాళీగా వస్తున్నాయని మొరపెట్టుకున్నారు. ప్రభుత్వ శాస్త్రజ్ఞుల అంచనాలు మాత్రం చేప పుష్కలంగా ఉన్నదనే చెబుతూ వచ్చాయి. పెద్ద ఓడలు చేప గుంపును వెదికి పట్టుకుంటాయి కనుక వాటి వల నిండుగానే కనిపించేది. ఆ నిండు వలను చూచి సముద్రమంతా నిండుగా ఉన్నదని భ్రమపడడం జరిగినది. అనుభవజ్ఞుల మాటను లెక్కచేయని పాలనకు ఇంతకంటె పెద్ద ఉదాహరణ వెదకడం కష్టం.

1992 జూలై 2న మత్స్యశాఖ మంత్రి జాన్ క్రాస్బీ సెయింట్ జాన్స్‌లో ఉత్తర కాడ్ వేటను రెండేళ్ళపాటు నిషేధిస్తున్నట్లు ప్రకటించాడు. ఆయన కూడా ఆ ద్వీపం వాడే. ప్రకటన జరుగుతున్న గది తలుపులను ఆగ్రహించిన మత్స్యకారులు బద్దలు కొట్టబోయారు. ఒక్క రోజులో సుమారు 30,000 మంది పని పోయినది. కెనడా చరిత్రలో ఒకేసారి ఇంతమంది ఉపాధి కోల్పోవడం అంతకు ముందు లేదు. రెండేళ్ళన్నది 32 ఏళ్ళు సాగినది. ప్రభుత్వం భృతి ఇచ్చినది, వేరే పనులు నేర్పినది. అయినా యువకులు ఊళ్ళు విడిచి పడమటి రాష్ట్రాలకు వలసపోయారు. కొన్ని పల్లెలలో బడులు మూతపడ్డాయి. కొందరు పీత, రొయ్య వేటకు మళ్ళి నిలదొక్కుకున్నారు. ఇంటి వాడకానికి మాత్రం వేసవిలో కొన్ని దినాలు, మనిషికి రోజుకు ఐదు చేపల చొప్పున పట్టుకోవడానికి అనుమతి ఉండేది. 2024 జూన్‌లో నిషేధాన్ని ఎత్తివేసి ఆ ఏటికి 18,000 టన్నుల పరిమితితో వేటను అనుమతించారు. చేప పూర్తిగా కోలుకోకముందే ఎత్తివేశారని కొందరు, పెద్ద ఓడలకు మళ్ళీ వాటా ఇచ్చారని మత్స్యకారుల సంఘం ఆక్షేపించారు.

మన తూర్పు తీరంలో నిషేధం ఏటా వచ్చిపోయేది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేట ఆపుతారు. 2015కు ముందు ఇది 47 రోజులు. ఈ రెండు నెలలలో పడవలు ఒడ్డున వరుసగా నిలుస్తాయి. వలలు బాగుచేసుకోవడం, పడవకు రంగులు వేయడం, ఇంజన్లు విప్పి సరిచూడడం ఈ రోజులలోనే. చేతిలో డబ్బు లేని రోజులు కూడా ఇవే. నిషేధకాలపు భృతిగా రాష్ట్ర ప్రభుత్వం 2019 నుండి కుటుంబానికి 10,000 రూపాయలు, 2025లో 20,000 రూపాయలు చెల్లించినది. రెండు నెలలు ఆగలేక సణుక్కొనే మత్స్యకారునికి 32 ఏళ్ళు ఆగిన వారి సంగతి తెలిస్తే ఏమనుకుంటాడో! ‘ఏటా కొంచెం ఆగడమే నయం’ అనవచ్చు. ‘ఆగేది మేము, ఊడ్చేది పెద్ద ఓడలు’ అని కూడా అనవచ్చు. రెండవ మాట అట్లాంటిక్ తీరంలోనూ వినబడినదే.

చేప తగ్గిన నీటి అడుగున రెండు చోట్లా చమురు, సహజవాయువు బయటపడ్డాయి. సెయింట్ జాన్స్‌కు ఆగ్నేయంగా హైబర్నియా క్షేత్రంలో 1997లో చమురు, కాకినాడకు ఎదురుగా కృష్ణా-గోదావరి లోతు జలాలలో 2009లో సహజవాయువు ఉత్పత్తి మొదలైనది. గాలివానలు రెండు చోట్లా ప్రాణాలు తీసుకున్నాయి. 1982 ఫిబ్రవరిలో ఓషన్ రేంజర్ అనే చమురు బావుల ఓడ మునిగి 84 మంది, అందరూ, మరణించారు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను వెయ్యిమందికి పైగా బలిగొన్నది. వారిలో వేటకు వెళ్ళి తిరిగిరాని వారు ఎందరో.

సెయింట్ జాన్స్‌లోని మెమోరియల్ విశ్వవిద్యాలయానికి ఇతర దేశాల నుండి విద్యార్థులు చదువుకోవడానికి వస్తారు. కాకినాడ నుండి ఒక అబ్బాయి అక్కడకు వెళ్ళినాడనుకొందాం. శీతకాలంలో రాత్రి తొమ్మిదింటికి అతడు ఫోను చేస్తే అమ్మ మరునాటి ఉదయం ఆరింటికి కాఫీ పెట్టుకుంటూ ‘భోంచేశావా నాయనా?’ అని అడుగుతుంది. పండుగ ఎప్పుడన్నది ఇంకొక పేచీ. తిథి ప్రపంచమంతటా ఒకే క్షణాన మొదలవుతుంది. కాని పండుగకు చాలా సందర్భాలలో ఆ ఊరి సూర్యోదయానికి ఉన్న తిథే ప్రమాణం. కాకినాడలో మంగళవారం ఉదయం పది గంటలకు తిథి మొదలైతే, సూర్యోదయానికి అది లేదు కనుక పండుగ బుధవారం. ఆ క్షణానికి సెయింట్ జాన్స్‌లో మంగళవారం తెల్లవారుజాము ఒంటిగంట. సూర్యోదయానికి తిథి వచ్చి ఉన్నది కనుక పండుగ మంగళవారమే. అమ్మ ఇంకా పిండి రుబ్బకముందే కొడుకు పండుగ చేసుకోవలసి వస్తుంది. అందుకే విదేశాలలోని తెలుగువారికి ఆయా నగరాల సూర్యోదయాన్ని బట్టి వేరుగా పంచాంగాలు గుణిస్తున్నారు.

జూన్ 14 అర్ధరాత్రి దాటగానే కాకినాడలో నిషేధం ముగుస్తుంది. గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, దీపాలు పెట్టి పడవలను నీటిలోకి తోస్తారు. అప్పుడు సెయింట్ జాన్స్‌లో జూన్ 14 సాయంత్రం నాలుగు గంటలు. సూర్యాస్తమయానికి ఇంకా ఐదు గంటల వ్యవధి ఉన్నది. కాపెలిన్ అనే వెండిరంగు చిన్నచేపలు గుడ్లు పెట్టడానికి గులకరాళ్ళ ఒడ్డుకు గుంపులుగా కొట్టుకొనివచ్చే రోజులవి. వాటిని తినడానికి వెనుకనే కాడ్ వస్తుంది. బకెట్లు, చేతివలలు పట్టుకొని పిల్లలు ఒడ్డున నిలబడి ఉంటారు.

ప్రశ్నలు

1. న్యూఫౌండ్‌లాండ్ ప్రజలు తమ అరగంటను నిలుపుకున్న తీరును వివరించండి.
2. కాకినాడలో ఆగస్టు 10 ఉదయం 7 గంటలైనప్పుడు సెయింట్ జాన్స్‌లో తేదీ, వేళ ఎంత? జనవరి 10 అయితే ఎంత?
3. ఉత్తర కాడ్ తరిగిపోవడానికి కారణాలేవి? చిన్న పడవల వారి మాటకు, శాస్త్రజ్ఞుల అంచనాకు తేడా ఎందుకు వచ్చినది?
4. మీ ప్రాంతంలో సూర్యచంద్రులను బట్టి వేళ నిర్ణయించుకొనే వృత్తులవారిని గురించి ఒక వ్యాసం వ్రాయండి.